వర్టస్ జీటీ లైన్ వర్సెస్ జీటీ ప్లస్ స్పోర్ట్: అనకాపల్లి రోడ్ల మీద రెండు వారాలు, ఒక నాలుగు లక్షల ప్రశ్న

భోగికి ముందు రోజు మా బావ హైదరాబాద్ నుంచి అనకాపల్లి దిగాడు. కాఫీ కూడా తాగకుండానే కారు కీ నా చేతిలో పెట్టి, "రెండు వారాలు నువ్వే తిప్పుకోరా. నచ్చితే ఉంచేసుకో, లేదంటే అమ్మకానికి పెట్టేస్తా" అన్నాడు. బావకి డల్లాస్‌లో ప్రాజెక్ట్ ఖాయమైంది, నెలాఖరుకి ఫ్లైట్. ఆ కీ ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ప్లస్ స్పోర్ట్‌ది. 1.5 లీటర్ టీఎస్ఐ ఇంజిన్, 7-స్పీడ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్.

ఇందులో తమాషా ఏంటంటే మా ఇంటి ముందు అప్పటికే ఒక వర్టస్ ఉంది. అది నాది. జీటీ లైన్, 1.0 టీఎస్ఐ, 6-స్పీడ్ ఆటోమేటిక్. కొని ఏడాది దాటింది. రెండూ పక్కపక్కన పెడితే మా వీధిలో పిల్లలు కూడా "అన్నా, ఒకే కారు రెండు కొన్నారా?" అని అడిగారు. తెలిసినోడు మాత్రం ముందు చక్రాల్లో ఎర్ర కాలిపర్లు చూసి, ఏది అసలుదో వెంటనే చెప్పేస్తాడు. "అసలుది" అనే ఆ మాటే నన్ను ఏడాదిగా తినేస్తోంది.

బావ ఇచ్చిన ఆఫర్ సింపుల్. నా కారు అమ్మేసి, పైన నాలుగు లక్షలు కలిపితే ఆయన కారు నాది. నాలుగు లక్షలు లేక కాదు, ఉన్నాయి. కాకపోతే అవి మేడ మీద వెయ్యాల్సిన స్లాబు కోసం నాన్న, నేను కలిసి దాచినవి. నాన్న బెల్లం మార్కెట్‌లో గుమస్తా. ఆయన లెక్కల్లో ప్రతి రూపాయికీ ఒక పేరు ఉంటుంది. ఈ నాలుగు లక్షల పేరు స్లాబు.

కాబట్టి ఇది ప్రెస్ కారు తెచ్చి మూడు గంటలు తిప్పి రాసిన రివ్యూ కాదు. నిజంగా డబ్బులు పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి చేసిన టెస్ట్.

ముందు ఈ పేర్ల గోల

మన సైట్ చదివేవాళ్లకి ఇది కొత్త కాదు. ఫోన్‌లో ప్రో మోడల్ డిజైన్ అంతా తెచ్చి, లోపల చిప్ మాత్రం మామూలుది పెట్టి, పేరు చివర ఒక ముక్క తగిలించడం చూస్తూనే ఉన్నాం కదా. కార్లలో ఈ ఆట చాలా పాతది. బీఎండబ్ల్యూలో ఎం స్పోర్ట్ వేరు, ఎం వేరు. ఆడీలో ఎస్ లైన్ వేరు, ఎస్ వేరు. పేరులో "లైన్" అని ఉంటే వేషం పూర్తిగా ఉంటుంది, ఇంజిన్ మాత్రం రోజువారీది.

వర్టస్ 2022 జూన్‌లో మన దేశంలో లాంచ్ అయింది. పుణె దగ్గర చాకన్‌లో తయారవుతుంది, స్కోడా స్లావియా దీనికి తోబుట్టువు. మొదట్లో జీటీ అంటే 1.5 ఇంజిన్ అనే అర్థం. 2024 అక్టోబర్‌లో కంపెనీ రెండు కొత్త వేరియంట్లు తెచ్చింది. ఒకటి జీటీ లైన్: నల్ల గ్రిల్, నల్ల చక్రాలు, నల్ల క్యాబిన్, కానీ 1.0 ఇంజిన్. రెండోది జీటీ ప్లస్ స్పోర్ట్: అవే నలుపులు, వాటి మీద ఎర్ర కుట్లు, ఎర్ర కాలిపర్లు, అల్యూమినియం పెడల్స్, 1.5 ఇంజిన్. లాంచ్ రోజు ఎక్స్‌షోరూమ్ ధరలు జీటీ లైన్‌కి సుమారు 14 లక్షల నుంచి, జీటీ ప్లస్ స్పోర్ట్‌కి సుమారు 17.85 లక్షల నుంచి మొదలయ్యాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారాక ఇలాంటి నాలుగు మీటర్లు దాటిన సెడాన్ల మీద సెస్సుతో కలిపి 45 శాతం ఉన్న పన్ను 40కి దిగింది. రెండూ తగ్గాయి. మధ్యలో ఉన్న గ్యాప్ మాత్రం దాదాపు అలాగే ఉంది.

నిజమైన హై పెర్ఫార్మెన్స్ సెడాన్ అంటే ఇది కూడా కాదని ఎవరో ఒకరు అంటారు. కరెక్టే. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 2025 అక్టోబర్‌లో వచ్చింది: 265 పీఎస్, 49.99 లక్షలు, దేశం మొత్తానికి 100 కార్లు. మన జీతాలకి అది యూట్యూబ్ కారు. ఇరవై లక్షల లోపు కుటుంబం కూర్చునే సెడాన్‌లో "ఇది కొంచెం తేడా" అనిపించేవి వర్టస్ 1.5, దాని తోబుట్టువు స్లావియా 1.5, 160 పీఎస్ హ్యుందాయ్ వెర్నా టర్బో. అంతే.

కాగితం మీద తేడా

1.0 టీఎస్ఐ: 999 సీసీ, మూడు సిలిండర్లు, 115 పీఎస్, 178 ఎన్ఎం. 1.5 టీఎస్ఐ: 1498 సీసీ, నాలుగు సిలిండర్లు, 150 పీఎస్, 250 ఎన్ఎం. బాడీ అదే, 4,561 మిల్లీమీటర్ల పొడవు. డిక్కీ అదే, 521 లీటర్లు. సస్పెన్షన్ డిజైన్ అదే. టైర్ల సైజు కూడా అదే, 205/55 ఆర్16. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2023లో ఇచ్చిన 5 స్టార్లు రెండింటికీ వర్తిస్తాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు రెండింటిలోనూ ఉన్నాయి.

చాలామంది 115, 150 అనే అంకెలు చూసి ఆగిపోతారు. అసలు చూడాల్సింది టార్క్, అది ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తోంది అనేది. 1.5లో 250 ఎన్ఎం మొత్తం 1600 నుంచి 3500 ఆర్‌పీఎం దాకా దొరుకుతుంది. అంటే మనం రోజూ తిరిగే జోన్ అంతా. చిన్న లెక్క వేద్దాం. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 2000 ఆర్‌పీఎం దగ్గర 1.5 ఇచ్చేది సుమారు 71 పీఎస్. అదే చోట 1.0 ఇచ్చేది సుమారు 51. రోజువారీ డ్రైవింగ్‌లో మీకు తెలిసే తేడా ఇదే. 0 నుంచి 100 ఎన్ని సెకన్లు అనేది (1.5కి తొమ్మిది సెకన్ల ప్రాంతంలో, 1.0కి అంతకంటే ఒకటి రెండు సెకన్లు ఎక్కువ) పార్టీలో చెప్పుకోవడానికి బాగుంటుంది, నేను మాత్రం రెండు వారాల్లో ఒక్కసారి కూడా కొలవలేదు.

రెండు రూట్లు, రెండు ఫలితాలు

నేను వారానికి మూడు రోజులు రుషికొండలో ఆఫీసుకి వెళ్తా. అనకాపల్లి నుంచి రెండు దారులు. ఒకటి ఊళ్లోంచి: లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ, హనుమంతవాక. రెండోది బయట నుంచి: సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్లే ఆరు లైన్ల బైపాస్, అక్కడి నుంచి మధురవాడ. రెండోది దూరం ఎక్కువ, తలనొప్పి తక్కువ.

మొదటి రోజు కావాలనే గాజువాక రూట్ తీసుకున్నా. ఉదయం తొమ్మిదికి కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా ట్రాఫిక్ ఎలా ఉంటుందో అక్కడ తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. స్టీల్ ప్లాంట్ బస్సులు, ఫార్మా కంపెనీల బస్సులు, వాటి మధ్యలో దూరే ఆటోలు. ఇక్కడ 250 ఎన్ఎం టార్క్ జేబులో పెట్టుకుని కూర్చోవడమే. పైగా డీఎస్‌జీ ఈ పనికి పుట్టలేదు. ఇది డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే లోపల రెండు క్లచ్‌లు, వాటిని చల్లబరచడానికి నూనె ఉండదు. నడిచే వేగంతో పాకుతూ పోతే క్లచ్ సగం పట్టీ పట్టక రుద్దుకుంటుంది, వేడెక్కుతుంది. ఫోన్‌లో గంటసేపు గేమ్ ఆడితే థర్మల్ త్రాట్లింగ్ వస్తుంది కదా, ఆలోచన అదే. నా 1.0లో ఉన్నది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. మధ్యలో ద్రవం ఉంటుంది కాబట్టి పాకడం దానికి అలవాటైన పనే. ముందుకి జారడం, ఆగడం రెండూ మెత్తగా ఉంటాయి. డీఎస్‌జీలో ఆ మొదటి రెండు అడుగులు కొంచెం తడబాటుగా అనిపిస్తాయి. (డీఎస్‌జీ వాడేవాళ్లకి ఒక సలహా: ముందు బండి అంగుళం కదిలిందని మీరూ కదలకండి. కారు పొడవు గ్యాప్ వచ్చాక ఒకేసారి వెళ్లండి.)

గాజువాక దాటేసరికి నాకు నా కారే గుర్తొచ్చింది. నిజం.

రెండో రోజు బైపాస్. ఇక్కడ కథ మొత్తం తిరగబడింది. సబ్బవరం దాటాక రోడ్డు ఖాళీగా, వెడల్పుగా ఉంటుంది. 100 దగ్గర క్రూయిజ్ కంట్రోల్ పెడితే ఇంజిన్ ఉందో లేదో తెలియదు. మీటర్‌లో చిన్నగా "2-సిలిండర్ మోడ్" అని పడుతుంది. యాక్సిలరేటర్ మీద లోడ్ తక్కువున్నప్పుడు నాలుగు సిలిండర్లలో మధ్య రెండింటికి ఇంధనం ఆపేస్తుంది ఈ ఇంజిన్. ఫోన్ ప్రాసెసర్‌లో పెద్ద కోర్లు పడుకుని చిన్న కోర్లు పని చేసినట్టు. పడుకున్నవి ఎప్పుడు లేచాయో కాలికి తెలియదు, ఆ పని అంత శుభ్రంగా చేశారు. అందుకే హైవే మీద పెద్ద ఇంజిన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుందనే భయం ఇక్కడ పనిచెయ్యదు. లాంచ్ అప్పుడు ఏఆర్ఏఐ చెప్పిన అంకెల్లోనే 1.0 ఆటోమేటిక్‌కి లీటరుకి 18.12, 1.5 డీఎస్‌జీకి 18.67. నా రెండు వారాల్లో బైపాస్ మీద రెండూ దాదాపు సమానంగా వచ్చాయి, ఊళ్లో మాత్రం 1.5 ఒక కిలోమీటరు దాకా వెనకబడింది. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి కంపెనీ అంకెలు రెండింటికీ అందవు. చెరకు ఊరి వాళ్లం, ఇథనాల్‌ని మరీ తిట్టలేం.

అదే బైపాస్ మీద నా 1.0 ఎలా ఉంటుంది? బాగుంటుంది. చెడ్డ కారు అని ఎవరన్నా అంటే ఒప్పుకోను. 100 దాకా చక్కగా వెళ్తుంది, నిలకడగా ఉంటుంది. మూడు సిలిండర్ల సన్నటి గురగుర వినిపిస్తుంది, నాకు అది ఇష్టమే. కానీ 80 నుంచి ఒక లారీని దాటాలంటే యాక్సిలరేటర్ నొక్కాలి, గేర్‌బాక్స్ ఆలోచించాలి, రెండు గేర్లు దింపాలి, టర్బో ఊపిరి తీసుకోవాలి, అప్పుడు కారు కదులుతుంది. 1.5లో పాదం కొంచెం వంచితే చాలు, గేర్ మారక ముందే కారు జరిగిపోతుంది. ఈ తేడా ఆరు లైన్ల రోడ్డు మీద సరదా. రెండు లైన్ల రోడ్డు మీద అది వేరే విషయం.

నర్సీపట్నం రోడ్డు

అసలు ఈ కారు మీద నాకు ఆశ పుట్టిందే ఈ రోడ్డు మీద. పోయిన ఏడాది చలికాలంలో అమ్మానాన్నల్ని, చెల్లిని తీసుకుని నా 1.0లో లంబసింగి వెళ్లాం. వెళ్లేటప్పుడు బానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు నర్సీపట్నం దాటి మాకవరపాలెం వైపు వస్తుంటే చీకటి పడింది. చెరకు సీజన్. ముందు చెరకు ట్రాక్టర్, వెనక లైటు లేదు, ట్రైలర్‌లోంచి గడలు రెండు పక్కలా బయటికి పొడుచుకుని ఉన్నాయి. దాని వెనక ఒక లారీ, లారీ వెనక మేము. నలుగురం ఉన్నాం, డిక్కీ నిండా సామాన్లు, ఏసీ ఆన్.

గ్యాప్ కనిపించింది, బయటికి తీశా. నొక్కా. ఆ ఒక్క సెకను గేర్‌బాక్స్ ఏమీ చెయ్యలేదు. తర్వాత కారు లేచింది కానీ అప్పటికే ఎదురుగా మలుపులోంచి బస్సు హెడ్‌లైట్లు. ఎదుటి బండి 80లో, మనం 80లో ఉంటే మధ్య దూరం సెకనుకి 44 మీటర్లు తరిగిపోతుంది. బ్రేక్ కొట్టి మళ్లీ లారీ వెనక్కి దూరా. ఏమీ కాలేదు. కానీ ఇల్లు చేరేదాకా వెనక సీట్లోంచి అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి నుంచి "1.5 కొనుంటే ఆ సెకను నా చేతిలో ఉండేది" అన్నది నా తలలో తిరుగుతూనే ఉంది. స్పోర్టీ లుక్కో, ఎర్ర బ్యాడ్జో కాదు, సేఫ్టీ కోసం కావాలి అని నాకు నేనే వాదించుకున్నా. వాదన బలమైనదే కదా?

కనుమ వెళ్లిన రెండో రోజు అదే నలుగురం, అదే దారి, ఈసారి బావ కారు. తాళ్లపాలెం జంక్షన్‌లో హైవే వదిలి నర్సీపట్నం రోడ్డు ఎక్కా. ఒక ట్రాక్టర్, తర్వాత ఇంకో ట్రాక్టర్, ఒక ఇటుకల లారీ. ఒక్కోదాన్ని దాటడం ఎంత తేలిక అంటే నాన్న ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. మనసులో నేను స్లాబు క్యాన్సిల్ చేసేశా, ఒప్పుకుంటున్నా.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్‌లో ఇంకా బాగుంది. ఎక్కేటప్పుడు 1.0 రెండో గేర్‌కీ మూడో గేర్‌కీ మధ్య కొట్టుకుంటూ ఉంటుంది, ఇది మూడులోనే నిశ్శబ్దంగా ఎక్కేసింది. ముందు భాగం నాలుగు సిలిండర్ల వల్ల కొన్ని పదుల కిలోలు బరువెక్కువ. కానీ మలుపుల్లో నాకేమీ బరువు తెలియలేదు. ఎందుకంటే కింద ఉన్నది అదే టైరు, అదే సస్పెన్షన్. మలుపులో ఎంత పట్టు ఉంటుందో రెండింటికీ అంతే.

బ్రేకుల దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ముందు కాలిపర్లకి ఎర్ర రంగు వేసి, వెనక డ్రమ్ బ్రేకులు పెట్టారు. 1.0లో డ్రమ్ములు ఉన్నాయంటే సరే. 150 పీఎస్ కారు, పేరులో స్పోర్ట్, పద్దెనిమిది లక్షలు, వెనక డ్రమ్ములు! ఆగదని కాదు, మామూలుగా బానే ఆగుతుంది. ఘాట్ దిగేటప్పుడు గేర్ కింద పెట్టుకుని ఇంజిన్‌తోనే వేగం ఆపుకుంటే ఇబ్బంది లేదు. కానీ ఎర్ర పెయింట్ డబ్బాకి పెట్టిన ఖర్చు ఇంకో వైపు పెట్టాల్సింది.

తిరుగు ప్రయాణం. మళ్లీ సాయంత్రం, మాకవరపాలెం దాటాం. ముందు చెరకు ట్రాక్టర్. ఎదురుగా దూరంలో బైక్ లైటు ఒకటి. చాలు అనుకున్నా, తీశా, దాటేశా. బైకు వాడు తన లైన్‌లో తను వెళ్లిపోయాడు, మధ్యలో జాగా చాలానే మిగిలింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఇంటి దగ్గర దిగాక అమ్మ అంది: "ఆ కారులో అయితే ఆగీవోడివి నాయనా. ఇందులో ఆగలేదు."

రాత్రి పడుకున్నాక లెక్క మళ్లీ వేసుకున్నా. పోయినేడు నా ప్రాణం మీదకి వచ్చింది ఒక సెకను ఆలస్యం వల్ల అనుకున్నా. ఈసారి ఆ సెకను కారు నాకు ఇచ్చింది. నేను దాన్ని మిగల్చలేదు, అంతకంటే చిన్న గ్యాప్‌లో దూరి ఖర్చు పెట్టేశా. ఆ రోజు బైక్ కాకుండా లైటు ఒకటే వెలిగే లారీ అయితే? మా రోడ్ల మీద ఒక లైటుతో తిరిగే లారీలు తక్కువా? 1.0తో ఏడాది తిరిగాక నాకు ఒక అలవాటు వచ్చింది, అనుమానం ఉంటే ఆగడం. 1.5 ఇంజిన్ కొద్ది రోజుల్లోనే ఆ అలవాటు మాన్పించింది. తప్పు కారుది కాదు, నాదే. కానీ "సేఫ్టీ కోసం" అన్న నా వాదన మాత్రం అక్కడితో చచ్చిపోయింది.

డబ్బుల సంగతి

ఇది త్వరగా చెప్పేస్తా. నాలుగు లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకుంటే నెలకి సుమారు 8,300. ఐదేళ్లలో వడ్డీయే దాదాపు 98 వేలు. కొత్త కారు అయితే లైఫ్ ట్యాక్స్ ధర మీద శాతం కాబట్టి అది కూడా పెరుగుతుంది. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం సీసీ మీద ఉంటుంది: 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 2,094, 1000 నుంచి 1500 దాకా 3,416, ఆ పైన 7,897. ఇప్పుడు ఈ ఇంజిన్ల సైజులు మళ్లీ చూడండి: 999, 1498. రెండూ గీతకి ఇవతలే, ఒకటి రెండు సీసీల తేడాతో. వారంటీ రెండింటికీ నాలుగేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, సర్వీసు 15,000కి ఒకసారి. వారంటీ తర్వాత డీఎస్‌జీలో క్లచ్‌ల పని పడితే బిల్లు టార్క్ కన్వర్టర్ వాడికంటే బరువుగా ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఫీచర్లలో జీటీ ప్లస్ స్పోర్ట్‌కి వెంటిలేటెడ్ సీట్లు ఉన్నాయి. జనవరిలో అవి నాకు పనికిరాలేదు. మే నెలలో ఇదే రాస్తే బహుశా ఈ పేరా పొడుగ్గా ఉండేది.

ఎవరికి ఏది?

రోజూ గాజువాక లాంటి ట్రాఫిక్‌లో గంట గడిపేవాళ్లు 1.0 ఆటోమేటిక్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. ఎర్ర కాలిపర్లు లేవని మీకు తప్ప ఎవరికీ తెలియదు. వారం వారం హైదరాబాద్‌కో విజయవాడకో హైవే ఎక్కేవాళ్లకి, ఆ నాలుగు లక్షలకి ఇంట్లో వేరే పేరు లేనివాళ్లకి 1.5 మంచిది. దూర ప్రయాణంలో అది మిమ్మల్ని అలసిపోనివ్వదు. డ్రైవింగ్ అంటే ప్రాణం, క్లచ్ తొక్కడానికి ఓపిక ఉంది అంటే 1.5లో 6-స్పీడ్ మాన్యువల్ వెతకండి. 2023లో జీటీకి అది తోడైంది. డీఎస్‌జీ కంటే చవక, వేడి భయం లేదు, గేర్ ఎప్పుడు మారాలో మీరే చెప్తారు. బావ కారు మాన్యువల్ అయ్యుంటే ఈ ఆర్టికల్ వేరేలా ఉండేదేమో. 2022, 2023 నాటి 1.5లు సెకండ్‌హ్యాండ్‌లో కూడా దొరుకుతున్నాయి, సర్వీసు రికార్డు పూర్తిగా ఉన్నదే చూడండి.

ఫ్లైట్‌కి నాలుగు రోజుల ముందు బావకి వద్దని చెప్పా. "ఏటిరా, నచ్చలేదా?" అన్నాడు. నచ్చింది బావా, అదే ప్రాబ్లం అన్నా. ఆయనకి అర్థమయ్యిందో లేదో తెలీదు, నవ్వి ఊరుకున్నాడు. నాన్న మాత్రం ఏమీ అనకుండా ఆ సాయంత్రమే సెంట్రింగ్ మేస్త్రీకి ఫోన్ చేశారు.

కారు రాజమండ్రి కుర్రాడు ఒకడు తీసుకున్నాడు. నా వయసే ఉంటుంది. తీసుకెళ్లడానికి వచ్చిన రోజు డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి అన్నీ చూపించా. టచ్‌స్క్రీన్‌లో నా ఫోన్ పెయిరింగ్ డిలీట్ చేశా, అతని ఫోన్ కనెక్ట్ చేశా. "అన్నా, ఎలా లాగుతుంది?" అన్నాడు. నర్సీపట్నం రోడ్డు సంగతి చెప్దామనుకుని నోరు తెరిచా, ఈలోపే స్టార్ట్ చేసేశాడు. నెహ్రూ చౌక్ వైపు మలుపు తిరిగేదాకా ఆ ఇంజిన్ సౌండ్ వింటూ గేటు దగ్గరే నిలబడ్డా.

సోమవారం ఆఫీసు. గాజువాక రూట్.